ఇరవై రెండుకూ ఇరవై మూడుకూ మధ్య

దయ్యాలూ భూతాలూ అంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. చాలా ఏళ్లుగా నా పని యూనిక్స్ సర్వర్లతో. అక్కడ ఏం జరిగినా లాగ్‌లో ఒక వరుస పడుతుంది: ఎవరు, ఎన్ని గంటలకు, ఏం చేశారు. వరుస లేదంటే అది జరగలేదనే లెక్క. ఎవరైనా ఫలానా చోట ఏదో చూశామని చెబితే, టైమెంత, ఇంకెవరు చూశారు అని అడిగి నవ్వేవాణ్ని.

ఇప్పుడు నేను చెప్పబోయేదానికి టైముంది. చూసినవాళ్లు ఇద్దరున్నారు. కాగితం కూడా ఉంది. నవ్వు మాత్రం రావడం లేదు.

ఇది చెప్పాలంటే నా గురించి మంచిగా లేని విషయాలు ముందు చెప్పాలి. అవి దాచిపెట్టి మిగతాది చెబితే అర్థం కాదు.

మాది పాల కంపెనీ. పేరు అక్కర్లేదు. మదనపల్లెలో హెడ్డాఫీసు, మెయిన్ సర్వర్లు అక్కడే. పొద్దున్నే చుట్టుపక్కల మండలాల నుంచి ట్యాంకర్లు వస్తాయి. ఏ ట్యాంకరు పాలు ఏ ఊరివి, వెన్న ఎంత, ఏ సైలో ట్యాంకులోకి పంపాలి, అన్నీ ఆ సర్వర్లే చెబుతాయి. అవి పడిపోతే ట్యాంకర్లు గేటు బయట ఎండలో నిలబడతాయి. కొన్ని గంటలు దాటితే పాలు విరిగిపోతాయి. అంతకన్నా పెద్ద భయం, పాలు పోసే కుటుంబాల ఏళ్ల నాటి వివరాలన్నీ అందులోనే ఉన్నాయి.

అందుకే కుప్పంలోని మా సెంటరులో రెండో సర్వర్ పెట్టారు. మదనపల్లెలో ఏం రాసినా లైన్ మీద అదే క్షణం కుప్పంలోనూ రాసుకుంటుంది. మదనపల్లె పడిపోతే కుప్పాన్ని ఎట్లా లేపాలి, ఎవరు ఏ వరుసలో ఏం చేయాలి అన్నదే డిజాస్టర్ రికవరీ ప్లాన్. ఆ ప్లాన్ రాసే పని నాకు వస్తుందని నేను రెండేళ్లు ఎదురు చూశాను. అది ప్రభుదాస్‌కు ఇచ్చారు.

ప్రభు నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. పుంగనూరు పక్క పల్లె. వాళ్ల నాన్న టమాటా మండీలో మూటలు మోసేవాడు, అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయింది. కంపెనీలో చేరినప్పుడు యూనిక్స్‌లో అతనికి చేయి పట్టుకుని నేర్పింది నేనే. నేర్పినంత కాలం బాగానే ఉన్నాను. నేర్పడానికి ఏమీ మిగలని రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

జీఎం గారు అతన్ని గదిలోకి పిలిస్తే నేను గడియారం చూసేవాణ్ని, ఎంతసేపున్నాడో అని. అతను చెప్పిన జోకుకు ఆఫీసంతా నవ్వుతుంటే నేను ఫోన్ చూస్తున్నట్టు నటించేవాణ్ని. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి వెళ్లాక మా ఆవిడ, ఆ పిల్లోడు ఎంత మర్యాదగా మాట్లాడతాడో అంది. రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. మూటలు మోసినోడి కొడుకు అన్న మాట కూడా ఒక రోజు నా మనసులోకి వచ్చింది. వచ్చిందని ఇక్కడ రాస్తున్నాను, సమర్థించుకోవడానికి కాదు.

ప్రభు ప్లాన్‌ను తెలుగులో రాశాడు. అట్లా ఎవరూ రాయరు. ఇంజినీర్లు లేని రోజు కూడా కుప్పంలో కూర్చున్న మనిషి చదివి చేయగలగాలని అతని పట్టుదల. ఇంకో పద్ధతి పెట్టాడు. ఒకరు స్టెప్పు చదవాలి, టైపు చేసేవారు దాన్ని తిరిగి పైకి చెప్పాలి, ఆ తర్వాతే ఎంటర్ నొక్కాలి. ప్రతి స్టెప్పుకూ షీటు మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. వార్డులో నర్సమ్మలు ఇంజక్షన్ వేసే ముందు ఒకరు పేరూ మందూ చదివితే ఇంకొకరు తిరిగి చెప్పేవాళ్లట. వాళ్ల అమ్మ రోజూ చూసిన పద్ధతి అది.

అందరి ముందూ నేను ఎగతాళి చేశాను. "ఇదేమన్నా చర్చిలో ప్రేయరా ప్రభూ, ఒకరు చెప్తే ఇంకొకరు ఆమెన్ అనేదానికి?"

అతను నవ్వాడు. "ఆమెన్ తప్పు పడినా దేవుడు సర్దుకుంటాడన్నా. యూనిక్స్ సర్దుకోదు."

అందరూ నవ్వారు. జీఎం గారు కూడా.

ప్లాన్ సరిచూసి ప్రింటు తీసే బాధ్యత నాకిచ్చారు. నేను చాలా శ్రద్ధగా చూశాను, తప్పు దొరకాలని. ఒకటే దొరికింది. కుప్పం సర్వర్ గదికి గ్రానైట్ గోడలు, లోపల సెల్ సిగ్నల్ రాదు. అక్కడున్న ఆఫీసు ఫోను మదనపల్లె ఎక్స్ఛేంజి మీదుగా పనిచేస్తుంది. మదనపల్లెలో కరెంటు పోతే ఆ ఫోనూ పోతుంది. చెప్పి ఉండాల్సింది. ప్లాన్‌ను పరీక్షించే డ్రిల్ రోజు అందరి ముందూ బయటపడితే బాగుంటుందని ఊరుకున్నాను.

అది చాలదనిపించింది. ప్లాన్‌లో ఇరవై మూడో స్టెప్పు ఒకటుంది: కుప్పం సర్వర్‌ను లేపే ముందు, మదనపల్లె నుంచి వచ్చే దారి మూసేయాలి, అంటే ఆ లైన్ మీద డేటా రాకుండా ఆపేయాలి. నేను ఆ లైను తీసేశాను. తర్వాతి నంబర్లన్నీ ఒకటి తగ్గించి, పేజీ మళ్లీ ప్రింటు తీసి, వారం ముందు కుప్పం వెళ్లినప్పుడు అక్కడి ఫైల్లో పెట్టాను. షీటు కూడా మార్చాను.

నా ఆలోచన ఇంతే. శనివారం డ్రిల్. జీఎం గారు కుప్పం వస్తారు. దారి మూయకుండా లేపబోతే సర్వర్ ఒప్పుకోదు, ఎర్రర్ చూపించి ఆగుతుంది. ప్రభు తల గోక్కుంటాడు. అప్పుడు నేను మెల్లిగా లేచి, ముందు దారి మూయాలి కదా అంటాను. ఆ మాట అనే తీరు కూడా బాత్రూంలో అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాను.

శుక్రవారం పొద్దున కుప్పానికి బయలుదేరాను. మదనపల్లె నుంచి ఒక బస్సు, పుంగనూరులో దిగి ఇంకొకటి. పుంగనూరు బస్టాండులో టీ గ్లాసు చేతిలో ఉండగా జీఎం గారి ఫోన్ వచ్చింది. పది ఇరవై.

హెడ్డాఫీసులో యూపీఎస్ బ్యాటరీల గది అంటుకుంది. కరెంటు వస్తూ పోతూ ఉంది. మెయిన్ స్విచ్చులు ఆపడానికి ప్రభు పొగలోకి వెళ్లి పడిపోయాడు, ఆసుపత్రికి తీసుకుపోయారు. అతని లాప్‌టాపూ, అక్కడి ప్లాన్ ఫైలూ ఆ గదిలోనే. గేటు దగ్గర ట్యాంకర్లు వరుసగా ఆగాయి. కుప్పంలో కళావతి పని మొదలుపెట్టింది.

కళావతి కుప్పంలో మా ఆపరేటర్. శాంతిపురం అమ్మాయి. జీఎం గారు వాచ్‌మన్ గోవిందప్ప సెల్లుకు చేసి కబురు చెప్పారట. గోవిందప్ప చదువుతాడు, ఆమె టైపు చేస్తుంది. ఇద్దరూ లోపల ఉన్నారు. సరిగ్గా ప్రభు కోరుకున్నట్టే.

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. డ్రిల్లో అయితే ఎర్రర్ వచ్చి ఆగేది. ఇది డ్రిల్ కాదు. నిజంగా ఆపద వచ్చినప్పుడు ఎర్రర్ వస్తే బలవంతంగా లేపే కమాండు కూడా ప్లాన్‌లో ఉంది. దారి తెరిచి ఉండగా బలవంతంగా లేపితే, కరెంటు వస్తూ పోతూ ఉన్న మదనపల్లె డిస్కులు రాసే చెత్తంతా కుప్పానికి పారుతుంది. మంచి కాపీ మీద చెడ్డ కాపీ పడుతుంది. ఆ తర్వాత ఎక్కడా ఏమీ మిగలదు.

గోవిందప్ప సెల్లుకు చేశాను. అందుబాటులో లేదు. ఆఫీసు ఫోను చచ్చిపోయింది. నేను ముందే కనిపెట్టి దాచుకున్న తప్పు అది.

మళ్లీ జీఎం గారికే చేశాను. కళావతితో మాట్లాడాలి సార్, కుదరడం లేదు అన్నాను. కుప్పంలో ఎవరినైనా సెంటరుకు పంపి ఆపించాలా అని ఆయన అడిగారు. ఆపడానికి పది నిమిషాలు చాలు. ఆ తర్వాత ఇంకో మాట అడిగారు.

"యాల ఆపేదప్పా? ప్లాన్ బుక్కులో ఏమన్నా తప్పుండాదా?"

"లేదు సార్. ఊరికే."

ఇదే నా తప్పు. పేజీ మార్చడం కన్నా ఇది పెద్దది. ఉందని చెబితే, ఏముందని అడుగుతారు. నీకెట్లా తెలుసని అడుగుతారు.

కారు కోసం చూశాను. ఈలోపు కుప్పం బస్సు కదిలింది, ఎక్కేశాను. టికెట్ మీద పది ముప్పై ఆరు అని పడింది. పలమనేరు దాకా రెండుసార్లు ఫోన్ బయటికి తీశాను, జీఎం గారికి నిజం చెబుదామని. రెండుసార్లూ జేబులో పెట్టుకున్నాను. ఆ స్థితిలో కూడా నాకు ప్రభు మీద అసూయే. పొగలో పడిపోయినవాణ్ని ఎవరూ ఏమీ అడగరు కదా అనుకున్నాను. ఇంత నీచంగా ఆలోచించానని రాయడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత ఇంకేం చేయాలో తెలియక, నేను తీసేసిన లైను నోట్లో చదువుకోవడం మొదలుపెట్టాను. మదనపల్లె నుంచి వచ్చే దారి మూసేయాలి. దాని కమాండు. మళ్లీ లైను. మళ్లీ కమాండు. ఎంతసేపు చదివానో తెలియదు. పక్క సీట్లో గంప పెట్టుకున్న ఒక పెద్దామె నా చేయి తట్టింది.

"ఏమప్పా, జపం చేస్తాండావా? ఈడ బస్సు పది నిమిషాలు నిలుస్తాది, దిగి నీళ్లన్నా తాగిరాపో."

కిటికీలోంచి చూస్తే వి.కోట బస్టాండు, కుప్పానికి ఇంకా గంట దారి. ఆమె అన్నట్టే దిగి ముఖం కడుక్కున్నాను. ఫోన్లో టైము చూశాను, పదకొండు నలభై నాలుగు. నేను కళ్లు తుడుచుకోవడం ఆమె చూసినట్టుంది, గంప కాస్త జరిపి చోటిచ్చింది.

కుప్పంలో దిగేసరికి ఒకటి దాటింది. ఆటోలో సెంటరుకు వెళ్లాను. గేటు దగ్గర గోవిందప్ప లేడు, సర్వర్ గది పక్కన ఇద్దరూ క్యారియర్లు తెరుచుకుని అన్నం తింటున్నారు. నన్ను చూసి కళావతి తలెత్తింది.

"ఏం సార్, టీ తాగేదానికి పోయి ఇంతసేపా?"

నాకు అర్థం కాలేదు. సర్వర్ సంగతి అడిగాను. పన్నెండుకే లేచిందని, మదనపల్లెలో ట్యాంకర్లు ఖాళీ అవుతున్నాయని, జీఎం గారు ఫోన్ చేసి శభాష్ అన్నారని చెప్పింది. డేటా సరిగ్గా ఉందా అని అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"మీరే గదా సార్ దారి మూయిస్తిరి."

నవ్వులాటకు అంటోందనుకున్నాను. ఆమె చేయి కడుక్కుని షీటు తెచ్చింది. ఒకటి నుంచి ఇరవై రెండు దాకా చదివినవారి గడిలో గోవిందప్ప సంతకం. ఇరవై మూడు నుంచి చివరి దాకా మళ్లీ అతనిదే. ఇరవై రెండుకూ ఇరవై మూడుకూ మధ్య ఉన్న సన్నటి ఖాళీలో, నీలం సిరాతో చేత్తో రాసిన ఒక వరుస ఉంది. 22-అ. మదనపల్లె నుంచి వచ్చే దారి మూసేయాలి. పక్కన కమాండు, పూర్తిగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. దాని పక్కన సంతకం.

అక్షరాలు నావి. సంతకం నాది. సంతకం కింద రెండు చుక్కలు పెట్టే అలవాటు నాకు స్కూల్ నుంచి ఉంది. ఆ రెండు చుక్కలూ ఉన్నాయి.

ఇద్దరినీ విడివిడిగా అడిగాను. కళావతి చెప్పింది ఇది. ఇరవై రెండో స్టెప్పు అయ్యాక నేను లోపలికి వచ్చాను. గోవిందప్పను జనరేటర్ చూసి రమ్మన్నాను. ఆమె కుర్చీ వెనక నిలబడి ఒకే స్టెప్పు చదివాను. ఆమె తిరిగి చెప్పింది, టైపు చేసింది. నేను షీటు మీద రాసి, సంతకం పెట్టి, బయటికి వెళ్లాను. వేరే మాటేమీ మాట్లాడలేదు. టీకి పోయాననుకుంది. ముఖం తడిగా ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, ప్రభు సార్ గురించి బాధపడుతున్నానేమో అనుకుని ఆమె కూడా పలకరించలేదు.

గోవిందప్ప కూడా నేను వచ్చి తనను జనరేటర్ దగ్గరికి పంపానన్నాడు. ఒక్క మాట ఎక్కువ. "నమస్తే సార్ అంటే నా చేయి పట్టుకుంటిరి సార్. ఎప్పుడూ తల గూడా ఊపరు గదా, అందుకే గుర్తుండాది."

సర్వర్ లాగ్ చూశాను. దారి మూసిన కమాండు పదకొండు నలభై ఒకటికి ఉంది. కెమెరా రికార్డింగు లేదు, రికార్డరు మదనపల్లెలో కాలిన గదిలోనే ఉంది. ఇంకా ఏదైనా సాధారణ కారణం ఉంటుందని నెలల తరబడి వెతికాను. కళావతికి ఆ కమాండు తెలియదు. గోవిందప్పకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు. నా చేతిరాత కుప్పంలో ఇంకే కాగితం మీదా లేదు.

పుంగనూరు నుంచి కారు మాట్లాడుకుని ముందుగా చేరుకున్నానని ఆఫీసులో అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు. ప్రభు ప్లాన్‌లో అసలైన లైనే మర్చిపోయాడని, నేను వెళ్లి కాపాడానని జీఎం గారు మీటింగులో చెప్పారు. చప్పట్లు కొట్టారు. ప్లాన్ బాధ్యత అతని నుంచి తీసి నాకిచ్చారు. రెండేళ్లు కోరుకున్నది వచ్చింది. ఆ చప్పట్లు నాకు కాదని నాకొక్కడికే తెలుసు. ఎవరికి కొట్టారో నాకూ తెలియదు.

ప్రభు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక్కసారి వెళ్లాను, తలుపు దగ్గర నుంచే పలకరించి వచ్చేశాను. డ్యూటీలో చేరాక అతను నవ్వడం తగ్గింది. అందరూ అతనికి పని చెప్పేముందు ఒక్క క్షణం ఆలోచిస్తున్నారు. నేను కోరుకున్నది అది కూడా.

నాలుగు నెలలు మోశాను. చివరికి ఒక ఆదివారం పుంగనూరు పక్క పల్లెలో వాళ్లింటికి వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చారు. వాళ్లమ్మ కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. లైను తీసింది నేనే అని చెప్పాను. ఎందుకు తీశానో కూడా చెప్పాను.

 ప్రభు లేచి అల్మారాలోంచి ఒక నోటుబుక్కు తెచ్చి తెరిచాడు. ప్లాన్‌ను మొదట చేత్తో రాసుకున్న పుస్తకం. ఇరవై మూడో స్టెప్పు అందులో ఉంది.

"తెలుసన్నా. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే సూసినా."

"మరి యాల చెప్పలేదు?"

"చెప్దామనే అనుకున్నా. కానీ తీసినోడే మళ్లీ ఆడికి పోయి, సొంత చేత్తో రాసి సంతకం పెట్టినాడు గదా. అట్లా పెట్టినోణ్ని నేనెట్ల పట్టిచ్చేది?"

అప్పుడు మిగతాది కూడా చెప్పాను. టికెట్ చూపించాను. ఆ టైములో నేను వి.కోటలో ఉన్నానని చెప్పాను. అతను టికెట్ చూశాడు, నన్ను చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. వంటింటి గుమ్మంలో వాళ్లమ్మ నిలబడి ఉంది, అంతా వింటున్నట్టుంది.  నా గ్లాసులో కాఫీ చల్లారిందని తీసుకుపోయి వేడి చేసి తెచ్చింది.

సోమవారం జీఎం గారికి చెప్పాను, లైను వరకు. మిగతాది చెప్పలేదు. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. ప్రభు వెళ్లి ఏం మాట్లాడాడో, నన్ను పుంగనూరులో పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటరుకు మార్చి వదిలేశారు. ఇక్కడ రెండు కంప్యూటర్లూ ఒక ప్రింటరూ ఉన్నాయి. ప్లాన్ మళ్లీ ప్రభు చేతికి వెళ్లింది.

కొత్త ప్లాన్‌లో అతను నంబర్లు సర్దలేదు. ఇరవై రెండు తర్వాత 22-అ అనే ఉంది. ఆరు నెలలకొకసారి కుప్పంలో డ్రిల్ జరుగుతుంది. ఆ ఒక్క స్టెప్పు చదవడానికి నన్ను పిలిపిస్తాడు. నేను అదే బస్సెక్కి వెళతాను. కళావతి కుర్చీ వెనక నిలబడి చదువుతాను, ఆమె తిరిగి చెబుతుంది, నేను సంతకం పెడతాను. ఎవరూ జోకు వేయరు.

నేను పైన చెప్పినవన్నీ జరిగాయి.  టికెట్ మీద అక్షరాలు ఇప్పుడు పూర్తిగా మాసిపోయి తెల్ల కాగితం మిగిలింది. షీటు మీది నీలం సిరా మాత్రం కొత్తగానే ఉంది.

ప్రతి డ్రిల్ తర్వాత నా సంతకాన్ని ఆ పాత సంతకం పక్కన పెట్టి చూస్తాను. అక్షరాలు కలుస్తాయి. చుక్కలు కలుస్తాయి. కానీ అది వెనకాడకుండా పెట్టిన సంతకం. చేయి ఎక్కడా ఆగలేదు. నాది అట్లా రావడం లేదు.

ప్రభు మీద నాకిప్పుడు అసూయ లేదు. ఆ రోజు నేను కుప్పంలో బస్సు దిగకముందే, నాకంటే ముందు ఆ గదిలోకి నడిచిపోయి, గోవిందప్ప చేయి పట్టుకున్నవాడి మీద ఉంది.